60 కోట్ల ట్యాంకులో డబ్బు ఎక్కడ ఉంటుంది?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కావలిలో మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నానని, సెమినార్‌కి ట్యాంకుల గురించి తీసుకున్నానని రాశావు. నువ్వు అడిగినవి మూడు. అర్జున్ ట్యాంకు ఒక్కోటి 60 కోట్లు దాటుతుందట, అంత ఇనుములో ఏముంది? టీ-90 దానికంటే చవక కదా, రెండింట్లో ఏది మేలు? 50 వేల రూపాయల డ్రోను వచ్చి ట్యాంకుని పేల్చేస్తుంటే ఇంకా ట్యాంకులు కొనడం దండగ కాదా?

నేను ఆర్మీ బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో 24 ఏళ్ళు పనిచేశాను. ట్రేడ్ వెహికల్ మెకానిక్, అందులోనూ ట్యాంకుల మీద. ఎక్కువ కాలం టీ-72 ట్యాంకుతో, తర్వాత సైనికుల్ని మోసే కవచ బండి బీఎంపీ-2తో. ట్యాంకులో కూర్చుని యుద్ధం చేసేవాళ్ళ చూపు వేరు, దాని కింద పడుకుని నట్లు విప్పినవాడి చూపు వేరు. నాది రెండోది. అర్జున్ మీద నేను చెయ్యి పెట్టి పని చేయలేదు, దాని గురించి చెప్పేది అందరికీ తెలిసిన లెక్కల వరకే. రిటైరయ్యాక ఒంగోలులో ఉంటూ చీమకుర్తి క్వారీల్లో ఎక్స్‌కవేటర్లు, డంపర్లు చూసుకుంటున్నాను. అందుకని నా పోలికలు అక్కడి నుంచే వస్తాయి.

ముందు ధర సంగతి. 2021 సెప్టెంబర్‌లో రక్షణ శాఖ 118 అర్జున్ మార్క్-1ఏ ట్యాంకులకు ఆవడి హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీకి ఆర్డర్ ఇచ్చింది. మొత్తం 7,523 కోట్లు. భాగిస్తే ఒక్కోటి 63 కోట్ల 75 లక్షలు. అంతకు రెండేళ్ళ ముందు, 2019లో, అదే ఫ్యాక్టరీకి 464 టీ-90ల ఆర్డర్ వెళ్ళింది, సుమారు 20 వేల కోట్లు. అంటే ఒక్కోటి 43 కోట్ల దాకా. నువ్వు చదివిన లెక్క ఇదే అయివుంటుంది.

బయటి దేశాలు ఎంత పెడుతున్నాయో చూస్తే మనది చవకే అనిపిస్తుంది. 2022 ఆగస్టులో పోలండ్ దక్షిణ కొరియా నుంచి 180 కే-2 ట్యాంకులు తీసుకుంది, 337 కోట్ల డాలర్లకు. ఒక్కోటి అప్పటి మారకంలో 150 కోట్ల రూపాయలకు కాస్త అటూ ఇటూ. 2023లో జర్మనీ 18 లెపర్డ్ 2ఏ8 ట్యాంకులకు 52 కోట్ల 50 లక్షల యూరోలు పెట్టింది. ఒక్కోటి 260 కోట్ల రూపాయలు.

ఇక్కడే ఒక మెలిక ఉంది, నీ సెమినార్‌లో ఇది తప్పకుండా చెప్పు. 2025లో అదే పోలండ్ అదే కొరియా కంపెనీ నుంచి ఇంకో 180 కే-2లు తీసుకుంది. ఈసారి 650 కోట్ల డాలర్లు. మూడేళ్ళలో ట్యాంకు ధర రెండింతలు అయిపోలేదు. రెండో ఒప్పందంలో కొన్ని ట్యాంకులను పోలండ్‌లోనే తయారు చేయడం, దానికి కావలసిన టెక్నాలజీ ఇవ్వడం, ఆగిపోయిన ట్యాంకుని లాక్కొచ్చే రికవరీ బండ్లు, వంతెన వేసే బండ్లు, రిపేరు ఏర్పాట్లు, ఇవన్నీ కలిశాయి. మొత్తాన్ని బండ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఒప్పందం ధర, ట్యాంకు ధర కాదు. ఒక దేశం కొన్నదాంట్లో గుండ్లు, శిక్షణ, ఐదేళ్ళ స్పేర్లు ఉంటాయి. ఇంకో దేశం కొన్నదాంట్లో ఉత్త బండి మాత్రమే ఉంటుంది. రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఇది ఖరీదు, అది చవక అంటే పొరపాటు. డంపర్ కొనేటప్పుడు మేమూ మొదట అడిగేది అదే, ఇందులో సర్వీసు ఎన్నేళ్ళు, టైర్లు కలిపా విడిగానా అని.

ఇక ఇనుములో ఏముందన్న నీ మాట. నిజంగా ఇనుములో ఏమీ లేదు. టీ-72 బరువు 41 టన్నులు. అంత మామూలు ఉక్కుకి మార్కెట్ ధర వేసుకో, పాతిక ముప్పై లక్షలు అవుతుంది. కవచానికి వాడే ఉక్కు వేరు కాబట్టి అంతకు ఎన్నో రెట్లు అనుకున్నా 60 కోట్లలో అది చిన్న ముక్కే. డబ్బంతా ఆ ఉక్కు పెట్టెలో ఇమిడ్చిన వస్తువుల్లో ఉంది.

మొదటిది చూపు. రాత్రి పూట, దుమ్ములో, రెండు మూడు కిలోమీటర్ల అవతల ఉన్న వేడి వస్తువుని చూపించే థర్మల్ సైట్, దూరం కొలిచే లేజర్, గాలి వేగం, మందుగుండు వేడి, బ్యారెల్ అరుగుదల అన్నీ లెక్కగట్టే కంప్యూటర్, బండి గుంతల్లో ఎగురుతున్నా గన్ మాత్రం గురి తప్పకుండా నిలబెట్టే స్టెబిలైజర్. గుండు సెకనుకు 1,700 మీటర్ల వేగంతో పోతుంది. రెండు కిలోమీటర్ల దూరంలో గురి వెంట్రుకవాసి తప్పినా గుండు బండి పక్కనుంచి పోతుంది. ఎదుటివాడు నిన్ను చూసేలోగా నువ్వు అతన్ని చూసి కొట్టగలగాలి, ఆ ఒకటి రెండు సెకన్ల కోసమే అంత డబ్బు పోస్తారు. పాత టీ-72కీ కొత్త టీ-90కీ మధ్య నాకు కనిపించిన అసలు తేడా ఇదే. పైన రేకు చూసి చెప్పలేవు.

రెండోది కవచం. ఒట్టి ఉక్కు దిమ్మ రోజులు ఎప్పుడో పోయాయి. ఉక్కు పొరల మధ్య సిరామిక్ లాంటి పదార్థాలు కూర్చిన కవచం ఇప్పుడు వాడతారు. అర్జున్ కవచం పేరు కాంచన్. హైదరాబాద్ కాంచన్‌బాగ్‌లో లోహాల మీద పరిశోధన చేసే డీఎంఆర్‌ఎల్ ల్యాబ్‌లో పుట్టింది కనుక ఆ పేరు వచ్చింది. మన తెలుగు నేల మీద తయారైన వస్తువు, నీ సెమినార్‌లో ఒక స్లైడ్ దానికి కేటాయించు. దాని మీద ఇటుకల్లా బిగించే పేలుడు పెట్టెలు ఇంకో రకం. వచ్చిన రాకెట్ తగలగానే ఆ పెట్టె బయటికి పేలి, రాకెట్ చిమ్మే లోహపు ధారను చెదరగొడుతుంది.

మూడోది సంఖ్య. అర్జున్ మొదటి రకం 124, ఇప్పుడీ రకం 118. పెద్ద కార్ల కంపెనీ ఒక పూటలో బయటికి పంపే కార్లు ఇంతకంటే ఎక్కువ. డిజైన్, పరీక్షలు, అచ్చులు, యంత్రాలు, వీటన్నిటి ఖర్చూ ఆ కాసిని బండ్ల మీదే పడాలి.

నాలుగోదాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నా బతుకంతా దానితోనే గడిచింది. ఇంజన్.

టీ-72లో 780 హార్స్ పవర్ డీజిల్ ఇంజన్, 12 సిలిండర్లు. మొండి ఇంజన్, మంచి ఇంజన్. దానికి పెద్ద శత్రువు దుమ్ము. రాజస్థాన్‌లో మహాజన్ ఫైరింగ్ రేంజ్‌కి ఎక్సర్‌సైజ్‌కి, అంటే యుద్ధ సాధనకి, వెళ్ళినప్పుడు ముందు బండి లేపిన దుమ్ములో వెనక బండి పది అడుగుల దూరంలో ఉన్నా కనపడదు. ఎయిర్ క్లీనర్‌ని వేళకు విప్పి కడగకపోతే ఆ సన్నటి ఇసుక లోపలికి పోయి పిస్టన్ రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. ఒక మే నెలలో మా దగ్గర ఒక బండికి అలాగే అయింది. సాయంత్రం నాలుగింటికి ఇంజన్ పవర్ పోయి నల్లపొగ పెట్టి ఆగిపోయింది. తెల్లవారి మళ్ళీ ఎక్సర్‌సైజ్ ఉంది, ఇంజన్ మార్చమన్నారు.

టీ-72లో ఇంజన్ వేరు, దాని నుంచి పవర్ తీసుకునే గేర్ల పెట్టె వేరు, రెండు పక్కల రెండు గేర్‌బాక్సులు వేరు. ఇంజన్ ఎత్తాలంటే పైన రేడియేటర్ మూత, ఫ్యాన్ డ్రైవ్, పైపులు, లింకేజీలు అన్నీ విడివిడిగా తీయాలి. కొత్త ఇంజన్ దింపాక అసలు పని మొదలవుతుంది. ఇంజన్ షాఫ్టూ, గేర్ల పెట్టె షాఫ్టూ ఒకే గీతలోకి రావాలి. కింద షిమ్ములు, అంటే సన్నటి రేకు ముక్కలు పెడుతూ, తీస్తూ, కొలుస్తూ, మళ్ళీ పెడుతూ ఉండాలి. వేడికి కాలిన ఇనుము రాత్రి పదింటికీ చల్లారలేదు. ఐదుగురం ఆ రాత్రంతా చేశాం. మర్నాడు మధ్యాహ్నానికి గానీ బండి కదల్లేదు. ఎక్సర్‌సైజ్‌లో దాని వంతు అయిపోయింది.

లెపర్డ్ లాంటి బండ్లలో ఇంజన్, గేర్‌బాక్స్, కూలింగ్ అన్నీ కలిపి ఒకే ముద్దగా ఉంటాయి. పవర్‌ప్యాక్ అంటారు. నాలుగు చోట్ల విప్పి, పైపులు ఊడదీసి, క్రేన్‌తో ఎత్తి, కొత్త ముద్ద దింపితే అరగంట పని. అర్జున్‌లో పెట్టిన 1,400 హార్స్ పవర్ జర్మన్ ఇంజన్ కూడా ఆ పద్ధతిలోదే. ఇప్పుడు చెప్పు, మా బండి చవకే, కానీ అది 20 గంటలు మూలన పడింది. యుద్ధంలో ఆ 20 గంటల ధర ఎవరు కట్టాలి? ఖరీదైన బండిలో నువ్వు కొనేది హార్స్ పవర్ ఒక్కటే కాదు, ఆ గంటలు కూడా.

అయితే బయటి ఇంజన్ మీద ఆధారపడితే వచ్చే కష్టం కూడా ఉంది. ఆ జర్మన్ ఇంజన్ సరఫరా దగ్గరే అర్జున్ మార్క్-1ఏ ఆలస్యమైంది. మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ తయారు చేసిన 1,500 హార్స్ పవర్ ఇంజన్‌ని 2024 మార్చి 20న మైసూరు బీఈఎంఎల్ ఫ్యాక్టరీలో మొదటిసారి మండించారు. ఆ వార్త చదివిన రోజు నేను ఎంత సంతోషపడ్డానో మా ఇంట్లో వాళ్ళకి తెలుసు. పరీక్షలు దాటి బండిలో కూర్చోవడానికి ఇంకా టైం పడుతుంది, కానీ మొదలైంది. టీ-72ల కోసం 1,000 హార్స్ పవర్ ఇంజన్లకి 2025 మార్చిలో రష్యాతో 24 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందం కూడా అయింది. 1970ల చివర్లో మన దేశానికి వచ్చిన బండికి ఇవాళ ఇంజన్ మారుస్తున్నాం. ట్యాంకు కొనడం అంటే 40, 50 ఏళ్ళు దాన్ని పోషించడం అని దీన్ని బట్టి అర్థం చేసుకో.

పోషణ అన్నాను కదా, డీజిల్ లెక్క చెబుతాను. టీ-72 రోడ్డు మీద కిలోమీటరుకు రెండున్నర లీటర్లు తాగుతుంది, ఇసుకలో ఇంకా ఎక్కువ. ఒంగోలు నుంచి నెల్లూరుకి ఇంచుమించు 120 కిలోమీటర్లు. ఒక్క బండికి 300 లీటర్లు. ఒక రెజిమెంట్‌లో 45 ట్యాంకులు. అన్నీ నెల్లూరు చేరేసరికి 13,500 లీటర్లు. మన పెట్రోలు బంకులకు వచ్చే 12 వేల లీటర్ల ట్యాంకర్ ఒకటి పూర్తిగా ఖాళీ అయ్యి ఇంకా చాలదు. అమెరికా అబ్రామ్స్ అయితే గ్యాస్ టర్బైన్ ఇంజన్ కనుక కిలోమీటరుకు నాలుగు లీటర్ల పైమాటే. దాని వెనక నడిచే డీజిల్ లారీల వరుసను కూడా ట్యాంకు ఖర్చులోనే వేసుకోవాలి. పైగా ఆ లారీలకు కవచం ఉండదు.

ట్రాకులు కొన్ని వేల కిలోమీటర్లకే అరిగిపోతాయి. అందుకే దూరం పోవాలంటే ట్యాంకుని రైలు మీదో ట్రైలర్ మీదో ఎక్కిస్తారు, నడిపించరు. క్వారీ నుంచి ఎక్స్‌కవేటర్‌ని లోబెడ్ మీద తెస్తాం చూడు, అలాగే. బ్యారెల్ కొన్ని వందల గుండ్లకే మార్పుకొస్తుంది. కొన్నేళ్ళకు ఒకసారి బండి మొత్తం విప్పి ఓవర్‌హాల్ చేయాలి. 2024 అక్టోబర్‌లో ఢిల్లీ 505 ఆర్మీ బేస్ వర్క్‌షాప్ నుంచి మొట్టమొదటి ఓవర్‌హాల్ అయిన టీ-90 బయటికొచ్చింది. ఆఖరి నట్టు దాకా విప్పి, 200కి పైగా అసెంబ్లీలను తీసి మళ్ళీ కూర్చారు. మా ఈఎంఈ వాళ్ళ పని అది.

ఇక టీ-90 మేలా, అర్జున్ మేలా. ఈ గొడవ మా క్యాంటీన్లలో కూడా తెగేది కాదు. ఎక్కడ వాడతావు అన్నది తెలియకుండా జవాబు లేదు.

టీ-90 46 టన్నులు, ముగ్గురు మనుషులు, గుండు యంత్రమే ఎక్కిస్తుంది. అర్జున్ మార్క్-1ఏ 68 టన్నులు, నలుగురు మనుషులు, గుండు మనిషే ఎక్కిస్తాడు. బరువు చూసి అర్జున్ పొలంలో దిగబడుతుంది అనుకుంటారు చాలామంది. కాదు. ట్రాక్ వెడల్పు, పొడవు ఎక్కువ కాబట్టి నేల మీద అది వేసే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో లోపే, టీ-90దీ ఇంచుమించు అంతే. గ్రానైట్ లారీ టైరు వేసే ఒత్తిడి దానికి ఏడెనిమిది రెట్లు. వానపడ్డ నల్లరేగడిలో లారీ కూరుకుపోయే చోట ట్యాంకు నడిచిపోతుంది.

బరువు దెబ్బ కొట్టేది వంతెనల దగ్గర. మీ కాలేజీలో సివిల్ బ్రాంచ్ స్నేహితుల్ని ఐఆర్‌సీ క్లాస్ 70ఆర్ లోడింగ్ అంటే ఏమిటో అడుగు. హైవే వంతెన డిజైన్ చేసేటప్పుడు 70 టన్నుల ట్రాకుల బండి దాని మీద పోతున్నట్టు లెక్క వేసి చూస్తారు. అంటే పెద్ద వంతెనలు ట్యాంకుని దృష్టిలో పెట్టుకునే కడుతున్నారు. కానీ యుద్ధం హైవే మీద జరగదు. పంజాబ్‌లో ఎటు చూసినా కాలవలు, వాటి మీద ఊరి వంతెనలు. అక్కడ 46 టన్నుల బండి దాటేచోట 68 టన్నుల బండికి వేరే దారి వెతకాలి. రాజస్థాన్ ఎడారిలో ఆ ఇబ్బంది లేదు, అక్కడ అర్జున్ పవర్, గురి, లోపలి చోటు అన్నీ కలిసొస్తాయి. లడఖ్ కొండల్లో రెండూ బరువే. అందుకే 25 టన్నుల జొరావర్ లైట్ ట్యాంకుని డీఆర్‌డీఓ, ఎల్ అండ్ టీ కలిసి తయారు చేసి 2024 జులైలో హజీరాలో చూపించాయి. 105 మిల్లీమీటర్ల గన్. కవచం పలచన, దానికి బదులు ఎత్తుకి ఎక్కగలదు, విమానంలో పోగలదు. కవచం, గన్, కదలిక, మూడూ ఒకేసారి పూర్తిగా దొరకవు. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతుంది, లేదా డబ్బు పెరుగుతుంది.

ఎవరూ పట్టించుకోని ఇంకో విషయం రివర్స్ వేగం. టీ-72, టీ-90 వెనక్కి గంటకు నాలుగైదు కిలోమీటర్లే పోగలవు. మనిషి నడక వేగం. లెపర్డ్ 30 దాకా పోతుంది. ఎదుటివాడు కొట్టడం మొదలుపెట్టినప్పుడు కవచం మందంగా ఉన్న ముందు భాగం అటే ఉంచి వెనక్కి తగ్గాలి. నడక వేగంతో తగ్గలేక బండి తిప్పితే పలచటి వెనక భాగం, ఇంజన్ అటు పడతాయి. ఇంటర్నెట్‌లో ట్యాంకుల పోలిక పట్టికల్లో ఈ గీత ఉండనే ఉండదు. నీ పట్టికలో పెట్టు.

ఇప్పుడు లోపలి మనుషుల గురించి. టీ-72లో గుండు ఎక్కించే యంత్రం టరెట్ (గన్ బిగించిన, తిరిగే పైభాగం) కింద గుండ్రంగా తిరిగే చక్రం. అందులో 22 గుండ్లు, వాటి మందుగుండు. కమాండర్, గన్నర్ సరిగ్గా దాని మీదే కూర్చుంటారు. కవచం తెగి నిప్పు ఆ చక్రంలోకి చేరితే మొత్తం ఒకేసారి అంటుకుంటుంది. ఉక్రెయిన్ వీడియోల్లో టరెట్లు గాల్లోకి ఎగిరిపడటం నువ్వు చూసే ఉంటావు. కారణం అదే. అబ్రామ్స్‌లో గుండ్లని టరెట్ వెనక విడి గదిలో పెట్టి మధ్యలో ఉక్కు తలుపు పెట్టారు. అంటుకుంటే పైకప్పు పలకలు ఊడి మంట పైకి పోతుంది, మనుషుల వైపు రాదు. ఆ గది, ఆ తలుపు, వాటికోసం పెరిగిన బరువు, ఆ బరువు లాగడానికి పెద్ద ఇంజన్, అన్నీ ధరలో కలుస్తాయి. బండి పోయినా మనిషి ఇంటికొస్తాడు. ఇంకో బండి ఎక్కుతాడు. మంచి గన్నర్‌ని తయారు చేయడానికి ఏళ్ళు పడుతుంది.

బండి సామర్థ్యం కాగితం మీద ఒకటి, నేల మీద ఒకటి. 2024 జూన్ చివర్లో లడఖ్‌లో దౌలత్ బేగ్ ఓల్డీ వైపు, ష్యోక్ నదిలో ఒక టీ-72 రాత్రిపూట దాటుతుండగా నీళ్ళు ఒక్కసారిగా పెరిగి బండి చిక్కుకుపోయింది. ఐదుగురు పోయారు. అందులో ముగ్గురు మన ఆంధ్రా వాళ్ళు, ఒకరు మన ప్రకాశం జిల్లా. ఇంకొకరు మా ఈఎంఈ క్రాఫ్ట్స్‌మన్, నేను చేరిన ర్యాంకే అది. టీ-72 లోతు నీళ్ళలో కూడా దాటగలదని పుస్తకంలో ఉంటుంది. ముందుగా సిద్ధం చేసుకుంటే దాటుతుంది కూడా. కానీ మంచు కరిగి దూకే నది ఆ పుస్తకం చదవలేదు. ఆ వార్త వచ్చిన రోజు నాకు అన్నం దిగలేదు. ఎవరైనా ట్యాంకుని కోట్లలో మాత్రమే లెక్క కడుతుంటే నాకు ఆ ఐదుగురు గుర్తుకొస్తారు.

సరే, డ్రోను. నువ్వు గట్టిగా అడిగింది ఇదే.

చవకైన ఆయుధం ఖరీదైన ట్యాంకుని కొట్టడం ఇప్పుడు కొత్తగా వచ్చింది కాదు. 1965 సెప్టెంబర్‌లో పంజాబ్ అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులతో వచ్చింది, ఆ రోజుల్లో అమెరికా ఇచ్చిన గొప్ప బండ్లు. మనవాళ్ళు పొలాలకు నీళ్ళు వదిలారు, చెరుకు తోటల్లో మాటు వేశారు. హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన రీకాయిల్‌లెస్ గన్‌తో ప్యాటన్లను ఒకదాని తర్వాత ఒకటి కొట్టి ప్రాణం ఇచ్చాడు. పరమవీర చక్ర ఇచ్చారు. జీపు ఖరీదెంత, ప్యాటన్ ఖరీదెంత! 1973లో ఈజిప్టు సైనికులు చేతితో మోసుకెళ్ళే సాగర్ మిసైళ్ళతో ఇజ్రాయెల్ ట్యాంకులను కాల్చినప్పుడు కూడా ట్యాంకుల కాలం అయిపోయిందని ప్రపంచమంతా రాసింది. ఆ తర్వాతే కొత్త కవచాలు, పేలుడు పెట్టెలు, వచ్చే రాకెట్‌ని గాల్లోనే కొట్టే ట్రోఫీ లాంటి ఏర్పాట్లు వచ్చాయి. ఇజ్రాయెల్ మెర్కావా ట్యాంకు మీద ట్రోఫీ 2011లో గాజా దగ్గర మొదటిసారి నిజంగా పనిచేసింది.

అలాగని డ్రోనుని తేలిగ్గా తీసుకోమనడం లేదు. ఈసారి తేడా నిజంగా పెద్దది. జీపు మీద గన్ పేల్చాలంటే మనిషి ఎదురుగా రావాలి. డ్రోను నడిపేవాడు కిలోమీటర్ల అవతల గుంటలో కూర్చుని ట్యాంకు పలచటి పైకప్పు మీద, ఇంజన్ మూత మీద, మనుషులు దిగే హ్యాచ్ తెరిచి ఉంటే దాని మీద చూసి మరీ దించుతున్నాడు. ఫోటోలు చూసి లెక్కపెట్టినవే రష్యా ట్యాంకులు 3 వేలు దాటి పోయాయి. ఉక్రెయిన్‌కి ఇచ్చిన 31 అబ్రామ్స్‌ని 2024 ఏప్రిల్‌లో డ్రోన్ల భయంతో ముందు వరుస నుంచి వెనక్కి తీసుకున్నారు. రేడియో జామర్ పెడితే, సన్నటి ఫైబర్ తీగ వదులుకుంటూ వచ్చే డ్రోన్లు తెచ్చారు, వాటికి జామర్ పనిచేయదు. టరెట్ మీద ఇనుప జాలీలు వెల్డింగ్ చేసుకుంటున్నారు. చూడ్డానికి నాటుగా ఉన్నా పనికొస్తాయి, రాకెట్ తల కవచానికి దూరంగా పేలుతుంది. ఒక్క డ్రోనుతో ట్యాంకు పోవడం కూడా తక్కువే. చాలాసార్లు మొదటిది ట్రాక్ తెంపుతుంది, తర్వాత వచ్చేవి ఆగిన బండిని ముగిస్తాయి. అందుకే ఆగిన బండిని త్వరగా లాక్కొచ్చే రికవరీ బండి, త్వరగా బాగుచేసే మెకానిక్ ఇప్పుడు ఇంకా ముఖ్యం.

కానీ నువ్వు 50 వేలని 60 కోట్లతో పోల్చావు చూడు, ఆ పోలికే సరిగ్గా లేదు. డ్రోను ఊరిని పట్టుకుని కూర్చోలేదు. కాల్పుల మధ్య కందకం దాకా సైనికుల్ని తోడుగా తీసుకెళ్ళలేదు. ట్యాంకు లేకపోతే ఆ పని చేసేది మనిషి, ఒంటి మీద చొక్కాతో. ఉక్రెయిన్, రష్యా రెండూ ఇంత పోగొట్టుకున్నాక కూడా ట్యాంకులు కావాలనే అడుగుతున్నాయి. పోలండ్, జర్మనీ ఆ యుద్ధాన్ని పక్కనుంచి చూస్తూనే వందల కోట్లు పెట్టి ఆర్డర్లు ఇచ్చాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ట్యాంకుల సంఖ్య పెంచడం కంటే ఉన్నవాటికి డ్రోన్లను పసిగట్టే, కొట్టే ఏర్పాటు, పైకప్పు రక్షణ, రికవరీ బండ్లు, స్పేర్లు పెట్టడం మీద ముందు డబ్బు పెట్టాలి. ప్రతి రెజిమెంట్‌కీ సొంత డ్రోన్లు కూడా ఉండాలి. రెండింట్లో ఒకటి ఎంచుకోవాలనడం తప్పు.

ట్యాంకులు కాని కవచ బండ్ల గురించి రెండు మాటలు. బీఎంపీ-2ని మనం శరత్ అంటాం, సంగారెడ్డి దగ్గర యెద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారయ్యేది. 14 టన్నులు, 30 మిల్లీమీటర్ల గన్, ఏడుగురు సైనికుల్ని వెనక కూర్చోబెట్టుకుని నీళ్ళలో ఈదుతుంది. నాకు ఇష్టమైన బండి. ఈదాలంటే తేలికగా ఉండాలి, తేలికగా ఉండాలంటే కవచం పలచన, అదే దాని బలహీనత. కొత్తతరం బండ్లు ఈత వదిలేసి కవచం పెంచుకున్నాయి, ధరా పెరిగింది. 2020లో హంగరీ కొన్న 218 లింక్స్ బండ్లకి 200 కోట్ల యూరోలు దాటింది. అంటే ఒప్పందం లెక్కలో చూస్తే సైనికుల్ని మోసే బండి ఒకటి మన అర్జున్ కంటే ఖరీదు. మరోవైపు 2021లో మన ఆర్మీ మహీంద్రా దగ్గర 1,300 తేలిక కవచ బండ్లు 1,056 కోట్లకు తీసుకుంది, ఒక్కోటి 81 లక్షలు. బుల్లెట్‌కి తట్టుకుంటుంది, ట్యాంకు గుండుకి కాదు. గస్తీకి అది చాలు.

మందుపాతరని తట్టుకునే బండ్ల అవసరం మన నల్లమల చుట్టుపక్కల వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. వాటి అడుగు పడవలా వి ఆకారంలో ఉంటుంది, పేలుడు రెండు పక్కలకీ చీలిపోతుంది. అడుగు బల్లపరుపుగా ఉన్న జీపైతే ఆ దెబ్బంతా లోపలివాళ్ళ వెన్నెముకలకే. అయినా పేలుడు పదార్థం పెంచితే దానికీ హద్దు ఉంది. 2005లో బీజాపూర్ వైపు అలాంటి బండినే ఎగరేశారు.

నీ సెమినార్‌కి ఒక సలహా. ప్రపంచంలో పది ట్యాంకుల పట్టిక చదివితే ఎవరికీ ఏమీ గుర్తుండదు. ఒకే ఒక్క సమస్య తీసుకో. మెకానికల్ కుర్రాడివి కాబట్టి ఇంజన్ మార్పిడి టైం తీసుకోవచ్చు, లేదా దుమ్ములో ఎయిర్ క్లీనర్ ఎలా పనిచేస్తుందో తీసుకోవచ్చు. సైక్లోన్ పద్ధతిలో గాలిని గిర్రున తిప్పి బరువైన ఇసుకని పక్కకి విసిరేసి, మిగిలిన సన్న దుమ్ముని జాలీలో పట్టే సూత్రమే టీ-72లోనూ ఉంది, మా క్వారీ డంపర్లలోనూ ఉంది. గ్రానైట్ దుమ్ము ఎడారి ఇసుక కంటే ఏమీ తక్కువ తినదు. ఆదివారం తప్ప ఏ రోజైనా పొద్దున తొమ్మిది లోపు చీమకుర్తి రా. ఒక డంపర్ ఎయిర్ క్లీనర్ విప్పాల్సింది ఉంది, నీ ముందే విప్పుతాను. పాత బట్టలు వేసుకురా.